ట్యాంకు మీద పాలపిట్ట

మిల్టన్, ఒంటారియో
17 ఆగస్టు 2025, ఆదివారం

చిరంజీవి వాసవిని కోదండరామ్ అన్నయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ వదిన సుధామయీ బాగానే ఉన్నాం. నువ్వూ ధరణీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నిజానికి ఇది రెండో కాగితం. మొదటి కాగితం మీద చేతి అలవాటు కొద్దీ నీ పేరుకు ముందు ‘చి.సౌ.’ అని రాసేశాను. చిన్నప్పుడు మా నాన్న తన చెల్లెళ్లకు ఉత్తరాలన్నీ నాచేతే రాయించేవారు. ఆ వరస నా చేతిలో అలాగే ఉండిపోయింది. రాశాక ఆ రెండక్షరాల వంక చూసి, కాగితం చింపేశాను. మూడేళ్లు కావస్తున్నా చక్రధర్ లేడన్న సంగతి నా చేతికి ఇంకా తెలియలేదమ్మా.

గంటసేపు డ్రైవ్ చేస్తే రిచ్‌మండ్ హిల్‌లో మీ ఇంటి ముందుంటాను, ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావేమో. వస్తే నువ్వు టీ పెడతావు. ఫోన్ చేస్తే “చెప్పు అన్నయ్యా” అంటావు. ఆ పిలుపు వినగానే నా నోరు వర్షం గురించో, హైవే ట్రాఫిక్ గురించో మొదలుపెడుతుంది. వాట్సాప్‌లో సగం టైప్ చేసి చెరిపేసినవి ఎన్ని ఉన్నాయో ఆ ఫోనుకే తెలియాలి. కాగితం మీదైతే కొట్టేసిన మాట కూడా కనబడుతుంది కాబట్టి కాస్త భయం ఉంటుంది.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్‌లో అన్న మాటల గురించే ఇదంతా. ధరణి ముప్పయ్యో తారీఖున యూనివర్సిటీకి హాలిఫాక్స్ వెళుతోంది. వెళ్లేటప్పుడు నాన్న బైకు పెట్రోలు ట్యాంకు పట్టుకెళతానని నన్ను అడిగింది. ఆ సంగతి తెలిసి నువ్వు నాకు ఫోన్ చేశావు. నువ్వు కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. నువ్వు కోప్పడలేదు. ధరణి కాలేజీ ఫారాలు నింపిపెట్టానని, మంచు పడినప్పుడల్లా వచ్చి వాకిట్లో దాన్ని తవ్వి పోశానని, సొంత అన్న కూడా ఇంత చేయడని అన్నావు. ఈ ఒక్కటి మాత్రం చేయొద్దని బతిమాలావు.

“పది సెకన్లు ఆగలేకపోయిండు అన్నయ్యా. ఆ పది సెకన్లకన్నా మేం ఎక్కువ కాలేదు ఆయనకు. ఆ బండి ముక్క నా బిడ్డ గదిలో ఉండొద్దు.”

సరేనమ్మా అని పెట్టేశాను. మీ ఇంటి హాల్లోంచి అతని ఫొటో తీసేశావని నాకు తెలుసు. నువ్వు చెప్పలేదు, గోడ మీద మేకు చూశాను. ఆ ట్యాంకును ధరణితో పంపించమని అడగడానికే ఈ ఉత్తరం. నువ్వు వద్దంటే వద్దే. కానీ అదెలా తయారైందో విని, అప్పుడు వద్దను.

ఆ సెప్టెంబరు ఆదివారం ఓవెన్ సౌండ్ ఊరి నుంచి ఇద్దరం మా మా బైకుల మీద తిరిగి వస్తున్నాం. గడ్డిమోపులతో ఒక ట్రాక్టర్ అడ్డంగా నత్తనడక నడుస్తోంది. నేను దాన్ని దాటి ముందుకొచ్చాను. నా వెనక చక్రి దాటబోతుంటే ఎదురుగా పికప్ ట్రక్కు వచ్చింది. పోలీసులు రాసిందీ అదే, నీకు తెలిసిందీ అదే. ఆసుపత్రి కారిడార్‌లో నువ్వు నా చెయ్యి పట్టుకుని, ఆఖరికి ఏమైనా అన్నాడా అని ఒక్కటే అడిగావు. హెల్మెట్‌లో మేం మాట్లాడుకునే ఇంటర్‌కమ్ చార్జింగ్ అయిపోయింది, ఏమీ వినబడలేదు అన్నాను. నువ్వు తల ఊపి, మళ్లీ ఎప్పుడూ అడగలేదు. బండిని ఏం చేసుకున్నా నీ ఇష్టం, నాకు మాత్రం చూపించకు అన్నావు. మిగతా బండంతా పాతసామాన్లకు ఇచ్చేసి, ట్యాంకు ఒక్కటి గ్యారేజీలో ఉంచుకున్నాను.

అతను ఆ ట్యాంకు మీద పాలపిట్ట వేయించుకోవాలనుకున్న సంగతి నీకు తెలుసో లేదో. జనగామలో దసరా రోజు పాలపిట్టను చూడటానికి ఊరిబయటకు నడిచి వెళ్లేవాళ్లమని, కనబడితే ఆ ఏడాదంతా మంచే జరుగుతుందని చెప్పేవాడు. ఇక్కడ మన అసోసియేషన్ వాళ్లు స్కూలు జిమ్‌లో దసరా చేస్తే, బయటకొచ్చి పార్కింగ్ లాట్‌లో చెట్లవంక చూసేవాడు. ఏం చూస్తున్నావురా అంటే ఇక్కడి బ్లూ జే పిట్టయినా కనబడకపోతుందా అనేవాడు. బండి మీద వేయించుకుంటే ఎప్పుడెక్కినా దసరానే కదన్నా అని ఒకటే మురిసిపోయేవాడు. మిల్టన్ బయట పొలాల మధ్య డోరీన్ అని ఒకావిడ హాకీ గోలీల, అంటే గోల్‌కీపర్ల, మాస్కులకూ బైకులకూ ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేస్తుంది. ఆ చలికాలం ట్యాంకు ఆవిడకిస్తానని మాటిచ్చాడు.

డిసెంబరులో ఆవిడే నాకు ఫోన్ చేసింది. అతను నా నంబరు కూడా ఇచ్చాడట. ఆ పని ఇక లేదని చెప్పడానికి వెళ్లాను. చక్రి గీసిచ్చిన పిట్ట బొమ్మ ఆవిడ గోడమీద టేపుతో అంటించి ఉంది. బొమ్మ చూస్తే అది పిట్టో, రెక్కలొచ్చిన వంకాయో తెలియదు. దానికింద పాలపిట్ట అని తెలుగులో రాశాడు, ఆవిడకు తెలుగు వచ్చినట్టు. ఆ అక్షరాలు చూసి అక్కడే నిలబడి ఏడ్చాను వాసవీ. ఆవిడ ఒక స్టూలు నా వెనక్కి జరిపి, తన పని తాను చేసుకుంది. కాసేపయ్యాక, ఇది నాకు నేర్పుతారా అని అడిగాను. తను ఎవరికీ నేర్పనంది. నాలుగు శనివారాలు వరసగా వెళ్లి ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఐదో శనివారం ఒక చీపురు ఇచ్చింది. దుమ్ము ఉంటే రంగు నిలవదని, ముందు ఊడవడం నేర్చుకోమంది.

ఎయిర్‌బ్రష్ అంటే పెన్నంత ఉంటుంది. వెనక గొట్టంలోంచి గాలి వస్తుంది, పైన చిట్టి గిన్నెలో రంగు పోస్తారు. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదలుపెట్టేటప్పుడు గాలి ముందు, రంగు తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు ఆపి, గాలి తర్వాత ఆపాలి. రెండూ ఒకేసారి వదిలేస్తే గీత చివర బొట్టు పడుతుంది. వినడానికి ఇంతే. నాకు మూడు నెలలు పట్టింది. పాత కాగితాల మీద ఆవగింజంత చుక్క, మిరియమంత చుక్క, సన్నంగా మొదలై లావయ్యే గీత, మళ్లీ ఆవగింజంత చుక్క. దగ్గరగా పెట్టి పల్చటి రంగు కొడితే అది సాలీడు కాళ్లలా నాలుగు పక్కలా పాకుతుంది. ఇరవై రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవాణ్ణి కదా, తప్పు పడగానే నా ఎడంచెయ్యి దానంతటదే అన్‌డూ నొక్కబోయేది. అక్కడ కీబోర్డు లేదు, బల్ల ఉంది.

చక్రి పోయాక నేను గడ్డం పెంచానని నీకు గుర్తుండే ఉంటుంది. రంగు పొగ పీల్చకుండా ముఖానికి మాస్కు వేసుకోవాలి, గడ్డముంటే అది బిగుతుగా అతుక్కోదు. డోరీన్ ఒక రేజరు చేతికిచ్చి బాత్రూమ్ చూపించింది. గీసుకుని బయటకొస్తే నా ముఖం నాకే మునుపటిలా కనబడి భయమేసింది. నువ్వు ఆ వారం నన్ను చూసి, మామూలుగా అయ్యావు అన్నయ్యా, సంతోషం అన్నావు. నేను మామూలుగా ఏం కాలేదమ్మా.

ఒక్కసారి మాత్రం బాగా నవ్వాను, అది కూడా చెప్పాలి. రెండో ఏడు, ట్యాంకుకు అడుగు రంగు వేసే రోజు. రంగు కొట్టిన రెండు నిమిషాలకు నడుమ నడుమ గుండ్రటి గుంటలు పడ్డాయి. వాళ్లు వాటిని చేపకళ్లంటారు. ఎక్కడో నూనె తగిలితేనే అలా వస్తుందట. ఆవిడ కంప్రెసర్ విప్పింది, ఫిల్టర్ మార్చింది, గొట్టాలు తుడిచింది. ఇంకో కోటు వేస్తే మళ్లీ చేపకళ్లు. చివరికి నా దగ్గరకొచ్చి ముక్కు ఎగబీల్చి, నీ నెత్తిమీద ఏముంది అంది. కొబ్బరినూనె. శనివారం పొద్దున తలకు పట్టించుకుని, ఆ చేత్తోనే ట్యాంకు నిమిరాను. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలా నూనెలో నానిన మనిషిని చూడలేదంది. నెలరోజుల నా పనంతా గరుక్కాగితం పెట్టి గీకేయించింది. గీకుతూ గీకుతూ ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే చక్రికి చెబుదామని ఫోన్ తీశాను. పేరు కూడా నొక్కాను. రింగవలేదు, ఆ నంబరు ఇప్పుడెవరిదీ కాదని ఆడగొంతు చెప్పింది. ఆ రోజు ఇక పని చేయలేకపోయాను.

పిట్టను వేయడం ఇంకో కథ. నేను తెనాలి వాణ్ణి, పాలపిట్టను ఫొటోల్లో తప్ప సరిగ్గా చూసిందెక్కడ? కొందరు దాన్ని నీలంపిట్ట అంటారే, ఆ మాట పట్టుకుని తల నుంచి తోక దాకా నీలం కొట్టాను. ఒక పాత బైకు మడ్‌గార్డు మీద అలా వేసి, ఫొటో తీసి ధరణికి పంపాను. నీకు చెప్పకుండా పంపాను, అది తప్పే. పిల్ల ఎప్పటిలాగే ఇంగ్లీషులో జవాబిచ్చింది: “దట్స్ నాట్ ఇట్, అంకుల్.” కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో అనామకంగా ఉంటుందని, ఎగరడానికి రెక్క విప్పినప్పుడే నీలం కనబడుతుందని, నాన్న చెప్పేవాడని రాసింది. తండ్రి పోయేనాటికి దానికి పద్నాలుగేళ్లు. ఎప్పుడు విన్నదో, ఎంత బాగా గుర్తుపెట్టుకుందో చూడు. మళ్లీ మొదలుపెట్టాను. రొమ్ముకు లేత గోధుమరంగు, మీద గీతలు, అప్పుడు విప్పుతున్న రెక్క. ఎయిర్‌బ్రష్‌తో లేతరంగు ముందు వేసి, ముదురు పొరలు పొరలుగా పెంచుకుంటూ పోవాలి. ముదురైపోయాక మళ్లీ లేత చేయడం కుదరదు. ఆ ఒక్క రెక్కకు పదకొండు శనివారాలు పట్టాయి.

ట్యాంకు ఎడమవైపు సొట్ట అలాగే ఉంది. పుట్టీ పెట్టి, గీకి, అసలేమీ జరగనట్టు చేయవచ్చంది డోరీన్. నేను వద్దన్నాను. పిట్ట కుడివైపు ఉంది. ఎడమవైపు నల్లరంగు వేసి ఊరుకున్నాను. డోరీన్ పైన మెరుపు కోటు వేసి, ఆరాక వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ నోట బాగుందన్న మాట అంతకుముందు ఒక్కసారే విన్నాను, అదీ సుధ చేసిన దోసకాయ పచ్చడి గురించి. ఈసారి గోడమీద చక్రి బొమ్మ టేపు విప్పి, మడిచి, నా జేబులో పెట్టింది.

ఇప్పుడు ఆవిడ తన గోలీ మాస్కుల పని కొంత నాకిస్తోంది. పోయిన నెల ఒకమ్మాయి మాస్కుకు నక్కను వేశాను. ఈ పని నాకు అబ్బింది, బాగా చేస్తున్నానని పదిమందీ అంటున్నారు. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. ఏం పోగొట్టుకుంటే నాకు ఈ విద్య వచ్చిందో నాకు తెలుసు.

జూన్‌లో ధరణి హైస్కూలు గ్రాడ్యుయేషన్‌కు నేను వచ్చినప్పుడు, నువ్వు ఎవరితోనో మాట్లాడుతుంటే, అది నా పక్కకొచ్చి నిలబడి మెల్లగా అడిగింది: “వాజ్ హీ రేసింగ్ యూ, అంకుల్?” కాదన్నాను. మరెందుకు ఆగలేదని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. అది నా ముఖంలోకి చూసి, ఓకే అని వెళ్లిపోయింది. వాసవీ, నువ్వు బాధలో అన్న మాటలు ఆ పిల్ల నిజమని మోస్తోంది. తండ్రికి తనకన్నా పది సెకన్లు ఎక్కువని అనుకుంటూ అది హాలిఫాక్స్ వెళ్లకూడదు. చక్రి తొందర మనిషి కాదు. ఎవరూ లేని రోడ్డులో స్టాప్ సైన్ దగ్గర కూడా మూడు అంకెలు లెక్కపెట్టి కదిలేవాడు. పెళ్లిచూపులయ్యాక నీకు జవాబు చెప్పడానికి పదిహేను రోజులు తీసుకున్నాడని నువ్వే దెప్పేదానివి. అలాంటివాడు ఆ రోజు ఎందుకలా చేశాడో అని నువ్వు ఎన్ని రోజులు కుమిలిపోయావో, చివరికి కోపమే మేలనుకుని ఉంటావు. నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ట్యాంకు దుప్పట్లో చుట్టి మా ముందుగదిలో పెట్టాను. నువ్వు ఒక్కసారి చూడు. చూశాక కూడా వద్దనిపిస్తే మా ఇంట్లోనే ఉంటుంది, ధరణికి నేను సర్దిచెప్పుకుంటాను. చూడాలనిపిస్తే ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తెస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. బీపీ మందు మానవద్దు. ధరణికి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మేలు కోరే
కోదండరామ్

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. పిట్ట గురించి ఇన్ని పేజీలు రాసినవాణ్ణి రాయాల్సిన సంగతి రాయలేదు. నిన్న మధ్యాహ్నం సుధకు మొదటిసారి చెప్పాను. ఆమె కాగితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ రోజు ఇంటర్‌కమ్‌లో చార్జింగ్ ఉంది. నీకు అబద్ధం చెప్పాను. పోలీసులకూ అదే అబద్ధం చెప్పాను.

ట్రాక్టర్‌ను దాటి నేను ముందున్నాను కాబట్టి అవతలి రోడ్డు నాకే కనబడుతుంది. చక్రి వెనక నుంచి అడిగాడు: “అన్నా, రావాల్నా?” ఎప్పుడూ అలాగే అడిగేవాడు. నేను చెప్పందే ఒక్కసారి కూడా దేన్నీ దాటలేదు. సరిగ్గా అప్పుడే మిట్ట మీంచి పికప్ దిగుతూ కనబడింది. దాన్ని వెళ్లనిచ్చి ఆ తర్వాత రమ్మనాలి. కంగారులో నా నోటికి వచ్చింది “పోనీ, పోనీ” అని. ఎదురొచ్చే ఆ బండిని పోనీ అని నా ఉద్దేశం. ‘దాన్ని’ అనే మాట నోట్లోనే ఉండిపోయింది. మనం ఆటో ఎక్కి డ్రైవరుతో అంటామే, అలా బండి పోనీ అంటున్నాననుకున్నాడు చక్రి. రెండుసార్లు అన్నాను కదా, త్వరగా రమ్మంటున్నాననుకుని ఉంటాడు.

ఆగు అంటే సరిపోయేది. స్టాప్ అన్నా సరిపోయేది. ఇరవై రెండేళ్లు ఒకళ్లు రాసినదాంట్లో రెండర్థాలు వచ్చే చోటల్లా తప్పు అని గుర్తుపెట్టడమే నా ఉద్యోగం.

ఆసుపత్రిలో నువ్వు అడిగినప్పుడు చెప్పాలనే నోరు తెరిచాను. నువ్వు నన్ను అన్నయ్యా అన్నావు. ఆ పిలుపు పోతుందని భయపడ్డాను. ఆ భయంతోనే నీ మంచు తవ్వాను, ఫారాలు నింపాను, చక్రి పేరు మీద నువ్వు వేసిన నిందను మూడేళ్లు వింటూ ఊరుకున్నాను. అతను పది సెకన్లు ఆగలేనివాడు కాదు వాసవీ. ఆగాడు, అడిగాడు, నేను రమ్మన్నాననుకుని వచ్చాడు. ఇది ధరణికి తెలియాలి. నువ్వు చెబుతావో, నన్ను వచ్చి చెప్పమంటావో నీ ఇష్టం. రేపు పొద్దున పోలీసుల దగ్గరకు వెళుతున్నాను. ఇక నన్ను అన్నయ్యా అని పిలవక్కర్లేదు. ట్యాంకు మాత్రం పిల్లకు ఇవ్వు.

ఆఖరికి ఏమన్నాడని అడిగావు కదా. “సరే అన్నా” అన్నాడు.